రేకు కప్పు కింద పద్యం

నేను ఒక కారవాన్‌ని. అంటే చక్రాలున్న ఇల్లు. వినగానే మీరు, అబ్బ, ఏం అదృష్టం, రోజుకో ఊరు చూడొచ్చు అనుకుంటారు. కాస్త ఆగండి. నాకు చక్రాలున్నాయి గాని ఇంజను లేదు. ఎవరో ఒకరు కారుకు తగిలించుకుని లాక్కెళ్తేనే నా ప్రయాణం. ఆ లాక్కెళ్లేది కూడా వేసవిలో ఒక వారమో, మహా అయితే రెండు వారాలో. మిగతా ఏడాదంతా ఇంటి ముందు పట్టా కప్పుకుని ఎప్పుడు కదులుతానా అని నిలబడి ఉండటమే నా పని. ఎదురుచూడటంలో నన్ను మించినవాళ్లు లేరని చాలాకాలం గొప్పగా అనుకున్నాను. కుసుమాంబను చూశాక ఆ గొప్ప పోయింది.

నేను పుట్టింది ఇంగ్లండు తూర్పు తీరాన, సముద్రపు గాలి ఎడాపెడా వాయించే ఒక ఊళ్లో. కలప చట్రానికి ప్లైవుడ్డు గోడలు బిగించి, పైన అల్యూమినియం రేకు తొడిగారు. లోపల మడత మంచం, గ్యాసు పొయ్యి, కాలితో తొక్కితే నీళ్లొచ్చే చిన్న పంపు, పరదాలున్న కిటికీలు. నాలుగు మూలలా నాలుగు ఇనుప కాళ్లు. ఆగినప్పుడు దించాలి, కదిలేటప్పుడు ఎత్తాలి. నన్ను తయారుచేసినవాళ్లు అన్నీ ఆలోచించారు, వాన చప్పుడు ఒక్కటి తప్ప. నా నెత్తిన నాలుగు చినుకులు పడితే చాలు, లోపలివాళ్లకు డప్పులు కొట్టినట్టుంటుంది.

మొదట నన్ను కొన్నది రెజ్, ఐరిస్ అనే దొర దంపతులు. ఇంట్లో విసుగ్గా ఉందని నన్ను కొన్నారా, కొన్న మర్నాటి నుంచే ఇంట్లో ఉన్నవన్నీ నాలోకి మోసుకొచ్చారు. అదే టీ కెటిల్, అవే పూల కప్పులు, చివరికి అదే గోడ గడియారం. వంద మైళ్లు నన్ను లాక్కెళ్లి ఒక పచ్చిక బయలులో నిలబెట్టి, కిటికీ దగ్గర కూర్చుని వాన చూసేవాళ్లు. "కాస్త తెరిపిచ్చేలా ఉంది" అనేవాడు రెజ్. "అవును, అటువైపు తెల్లబడింది" అనేది ఐరిస్. అది తెల్లబడేది కాదు, వీళ్ల సెలవు అయిపోయేది. అయినా మరుసటి ఏడు మళ్లీ అదే ఉత్సాహం. మనుషుల్లో నాకు నచ్చిన గుణం ఇదొక్కటే. రెజ్ మోకాళ్లు అరిగిపోయాక నన్ను అమ్మకానికి పెట్టారు.

అప్పుడు వచ్చారు పున్నారావు, కుసుమాంబ. వాళ్లది తెనాలి. పెళ్లయిన కొత్తలోనే ఇంగ్లండు వచ్చి, కోవెంట్రీలో వరసగా అతుక్కుని ఉండే ఇళ్లలో ఒక ఇంట్లో కాపురం పెట్టారు. పిల్లల్లేరు. ఆయన మునిసిపాలిటీ ఆఫీసులో రోడ్ల నక్షాలు గీసేవాడు. సన్నగా, మర్యాదగా, తలుపు వేస్తే కూడా చప్పుడు కాకుండా వేసే మనిషి. ఆవిడ అందుకు పూర్తిగా వేరు. చూడటానికి వచ్చిన రోజే నాలోకి ఎక్కి, రేకు మీద పిడికిలితో గట్టిగా గుద్ది, "ఏమండీ, లోపల గట్టిగా అరిస్తే బయటికి ఎంత దూరం వినపడుద్దంటారు?" అని అడిగింది. కారవాన్ కొనేవాళ్లు చక్రాలు చూస్తారు, కప్పు కారుతుందా అని చూస్తారు. ఇలాంటి ప్రశ్న వేసినవాళ్లను నేను అంతకుముందు చూడలేదు. తెలుగు ఎలా అర్థమైందంటారా? రేకుకు సొంత భాష ఏముంటుంది, లోపల ఎవరు మాట్లాడితే వాళ్లదే.

ఆ ప్రశ్న వెనక కథ నాకు తర్వాత తెలిసింది. కుసుమాంబకు నన్ను తుడుస్తూ తనలో తను మాట్లాడుకునే అలవాటుంది. పున్నారావు ఒకప్పుడు నాటకాల్లో పద్యాలు పాడేవాడట. తెనాలిలో పోటీలు జరుగుతుంటే, రాజు వేషంలో కిరీటం పెట్టుకుని వచ్చి పద్యం ఎత్తుకున్నాడట. ఆడవాళ్ల బెంచీల మీద పిన్నమ్మ పక్కన కూర్చుని ఉంది కుసుమాంబ. పద్యం చివర రాగం తీసి, ఊపిరి ఉన్నంతమేరా సాగదీసి, అక్కడ్నుంచి ఇంకో మెట్టు పైకెక్కాడట. జనం వన్స్ మోర్ అని ఒకటే కేకలు. మళ్లీ పాడాడు. మళ్లీ కేకలు. మళ్లీ పాడాడు. తర్వాత ఆ సంబంధమే వచ్చినప్పుడు ఆస్తి అడగలేదు, ఉద్యోగం అడగలేదు. "పెళ్లయినా పాడతాడా?" అని ఒక్క మాట కనుక్కోమందట పిన్నమ్మను.

ఇంగ్లండు వచ్చిన కొత్తల్లో ఒక పొద్దున పున్నారావు స్నానం చేస్తూ ఎప్పట్లాగే గొంతెత్తాడు. రాగం ఇంకా సగంలో ఉండగానే పక్కింటాయన ఉమ్మడి గోడ మీద దబదబా బాదాడు. అంతే. పున్నారావు నోరు కుట్టేసినట్టు ఆగిపోయింది. పాపం, ఆ పక్కింటాయనది రాత్రి డ్యూటీ, అప్పుడే వచ్చి పడుకున్నాడు. ఆ సంగతి కుసుమాంబ తర్వాత ఎంత చెప్పినా ఈయన చెవికెక్కలేదు. దేశం దేశమే గోడ మీద బాదినట్టు బెదిరిపోయాడు. ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకున్నాడు. కుక్కరు విజిల్ వేస్తే పక్కవాళ్లు ఏమనుకుంటారోనని, పప్పు మామూలు గిన్నెలో ఉడికించమన్నాడు. కందిపప్పు ఉడికేదాకా ఆ తల్లి పొయ్యి దగ్గర ఎన్నేళ్లు నిలబడిందో. కొంతకాలానికి పక్కింటాయన ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో చాలాకాలం ఎవరూ చేరలేదు. గోడ అవతల మనిషే లేడు, అయినా ఈయన గోడకు భయపడుతూనే ఉన్నాడు.

అందుకని కుసుమాంబ నన్ను కొనిపించింది. ఊరు లేని చోటికి, గోడ లేని చోటికి ఆయన్ని తీసుకుపోవాలి. అక్కడ ఆయన నోట ఒక్క పద్యం వినాలి. ఆవిడకు కావలసింది అంతే. చీరలు కాదు, నగలు కాదు, దేశాలు చూడటం కాదు. తలనెరిసిన ఆడమనిషి మొగుడి నోటి పద్యం కోసం ఇంత పథకం వేయడం చూసి నాకు నవ్వొచ్చింది, నిజం చెప్పాలంటే కాస్త ఏడుపూ వచ్చింది.

మొదటి వేసవికి ష్రాప్‌షైర్ కొండల వైపు బయలుదేరాం. దారంతా ఎండ. పొలాల అంచున పచ్చటి కంచెలు, గొర్రెలు, రాతి చర్చీలు. నా చక్రాలకు చాలా రోజుల తర్వాత పని దొరికింది, నా సంతోషం నాది. ప్రీస్ అనే రైతు తన పచ్చిక బయలులో కారవాన్లు పెట్టుకోనిస్తాడు. గేటు దగ్గర మమ్మల్ని ఆపి, పైన గట్టు మీద జాగా చూపించాడు. అక్కడ అప్పటికే ఒక కారవాన్ ఉంది. డోరిస్ అనే పెద్దావిడ, ఆవిడ కుక్క.

కుసుమాంబ అటు చూడనైనా చూడకుండా దూరంగా పల్లంలో, వాగు పక్కన మూలను చూపించింది. "మాకు అది కావాలి."

"అక్కడ నేల మెత్తగా ఉంటుందమ్మా. వానొస్తే ఇబ్బంది పడతారు" అన్నాడు ప్రీస్.

"వానెక్కడుంది?" అంది కుసుమాంబ, ఎండ వైపు చెయ్యి చూపించి. ఇంగ్లండులో అన్నేళ్లుండి కూడా ఆ మాట అనగలిగిందంటే, ఆవిడ మనసు ఎంతగా దాని మీదే ఉందో మీరే అర్థం చేసుకోండి. నేను ఈ దేశంలో పుట్టినదాన్ని, నాకు తెలుసు. కాని నన్నడిగేదెవరు?

పల్లంలో నా ఇనుప కాళ్లు దించుతుండగానే మబ్బు కమ్ముకుంది. ఆ సాయంత్రం, మర్నాడంతా కుండపోత. వాగు పొంగి పచ్చికలోకి వచ్చింది. నా చక్రాలు బురదలో కూరుకుపోయాయి, ఒక పక్కకు ఒరిగిపోయాను. అల్మారాలోంచి డబ్బాలన్నీ దొర్లాయి. పున్నారావు కారుకు తగిలించి లాగబోతే కారు చక్రాలు కూడా దిగబడ్డాయి. చివరికి ప్రీస్ ట్రాక్టరు తెచ్చి, "చెప్పానుగా" అని ఒక్కసారి కూడా అనకుండా, నన్నూ కారునూ లాగి గట్టు మీద పెట్టాడు. పెట్టింది ఎక్కడనుకున్నారు? సరిగ్గా డోరిస్ కారవాన్ పక్కన. ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపితే నా కిటికీ పరదా సర్దేంత దగ్గర.

కుసుమాంబ ఉసూరుమంటూ మడత మంచం మీద కూలబడింది. పున్నారావు ముఖంలో మాత్రం బెంగ లేదు. పైకి అనలేదు గాని తప్పించుకున్నానన్న తేలికే కనిపించింది. ఆ తేలిక ఆవిడా చూసింది.

ఇక ఆ వారమంతా చూడాలి వాళ్ల తంటాలు. ఎండ కాస్తే కొండ మీదికి నడుద్దామనేది కుసుమాంబ. అక్కడ ఎవరూ ఉండరని ఆశ. సగం కొండ ఎక్కేసరికి చేతికర్రలు పట్టుకున్న గుంపు ఎదురయ్యేది, లేకపోతే గాలి లేచేది. "ఈ చలిగాలిలో గొంతు పట్టేసుద్ది కుసుమా" అనేవాడాయన. తుంపర పడితే, "ఆవిడ కిటికీ తీసే ఉంది చూడు." ఏమీ లేకపోతే, "రేపు చూద్దాంలే." పొద్దున ఎండ, పది నిమిషాల్లో మంచు, మధ్యాహ్నం వడగళ్లు, సాయంత్రం ఇంద్రధనుస్సు. ఆకాశం అన్ని వేషాలూ వేసింది గాని పున్నారావు వేషం మాత్రం మారలేదు.

ఒకసారి ఆవిడ సూటిగా అడిగేసింది. "ఇక్కడ ఎవరున్నారండీ వినటానికి? గొర్రెలు తప్ప."

"డోరిస్ ఉంది."

"ఉంటే ఏం? ఆవిడ వింటే ఏమైపోద్ది?"

ఆయన లేచాడు. కాఫీ గ్లాసు కడిగి, చప్పుడు కాకుండా బోర్లించాడు.

ఆఖరి రోజు వచ్చింది. మర్నాడు పొద్దున్నే బయలుదేరాలి. మధ్యాహ్నం ఉన్నట్టుండి చీకటి పడినట్టయి, వాన మొదలైంది. వానంటే ఆ వారమంతా పడిన వాన కాదు. నా రేకు చిరిగిపోతుందేమో అన్నంత వాన. కిటికీలోంచి పక్కనున్న డోరిస్ కారవాన్ కూడా కనపడలేదు. కుసుమాంబ శనగపిండి కలిపి, నూనె పెట్టి, మిరపకాయ బజ్జీలు వేయడం మొదలెట్టింది. లోపలంతా ఆవిరి, వాముపొడి వాసన. రెజ్, ఐరిస్‌ల కాలంలో నా గోడలకు అలాంటి వాసన తగల్లేదు, నాకు బాగా నచ్చింది. పున్నారావు వేడి బజ్జీ కొరికి, కారానికి కళ్లనీళ్లు తుడుచుకుని, ఆ వారంలో మొదటిసారి నవ్వాడు.

కుసుమాంబ ఏదో అంది. ఆయనకు వినపడలేదు. మళ్లీ అంది. మళ్లీ వినపడలేదు. అప్పుడావిడ ముఖం వెలిగింది. పొయ్యి ఆపి, వచ్చి ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

"నేను అరిచినా మీకు వినపడటంలా. ఇంక బయటికేం పోద్దండీ? పాడండి."

ఆయన పైకప్పు వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. ఇంక చెప్పడానికి సాకు దొరకలేదు. చేతులు తుడుచుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా ఎత్తుకున్నాడు.

పాడుతున్నాడని పెదవుల్ని బట్టి తెలుస్తోంది గాని, ఆ వానలో ఒక్క ముక్క వినపడితే ఒట్టు. కుసుమాంబ ఆయన ఎదురుగా కూర్చుని, ముందుకు వంగి, ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది. అన్నేళ్లు ఎదురుచూసి, తీరా ఆ మనిషి పాడుతుంటే వాన అడ్డం. ఆవిడ కళ్లు నిండిపోయాయి. నేను రేకు ముక్కను, ఏం చేయగలను? నా జన్మలో మొదటిసారి, ఈ వాన ఆగితే బాగుండు అని కోరుకున్నాను.

ఆగింది. ఈ దేశపు వానకు చెప్పి రావడం లేదు, చెప్పి పోవడం లేదు. ఎవరో పంపు కట్టేసినట్టు టక్కున ఆగిపోయింది. కళ్లు మూసుకున్న పున్నారావు అది గమనించలేదు. వానను మించి వినపడాలని అప్పటికే గొంతు బాగా పెంచి ఉన్నాడు. ఆ గొంతు ఒక్కసారిగా నా గోడలు దాటి, గట్టు దాటి, పచ్చిక బయలంతా పరుచుకుంది. అబ్బ, ఏం గొంతు! నా స్క్రూలు కూడా వణికాయి. కుసుమాంబ చీర చెంగు నోట్లో కుక్కుకుని కదలకుండా కూర్చుంది. పద్యం చివరికొచ్చింది. రాగం తీశాడు, సాగదీశాడు, పై మెట్టు అందుకోబోయాడు.

అందలేదు. గొంతు బీటలువారి, సన్నగా, ఎవరో మూలిగినట్టు విరిగిపోయింది. మళ్లీ అందుకోబోయాడు. మళ్లీ విరిగింది.

దబ్ దబ్ దబ్‌మని తలుపు మీద దెబ్బలు పడ్డాయి.

పున్నారావు కళ్లు తెరిచాడు. "చూశావా," అన్నాడు గొణుగుతూ, "చూశావా, నేను చెప్తానే ఉన్నా." అప్పటికే లేచి, సామాన్లు సర్దడానికి సంచీ వెతుకుతున్నాడు.

కుసుమాంబ తలుపు తీసింది. డోరిస్. వానకోటు తొందరలో తిరగేసి తొడుక్కుంది. ఒక చేతిలో మందుల డబ్బా, ఇంకో చేతిలో వేడినీళ్ల సంచీ. వెనక కుక్క మోర ఎత్తి ఊళ పెడుతోంది.

"ఎవరికైనా నొప్పి చేసిందా? మీ ఆయనేనా? డాక్టరుకు ఫోన్ చెయ్యమంటారా?"

"నొప్పి కాదు, డోరిస్. మా ఆయన పాడుతున్నాడు."

డోరిస్ మందుల డబ్బా వైపు చూసుకుంది. "ఓహో" అంది. "ఇంకా ఉందా?"

"ఉంది. పూర్తి కాలేదు."

"అయితే కానివ్వండి. ఈ కొండల్లో నా రేడియో ఎలాగూ పలకడం లేదు" అని, కుక్కను బుజ్జగిస్తూ వెళ్లిపోయింది. తన కారవాన్ కిటికీ మూయలేదు, ఇంకాస్త తెరిచింది.

కుసుమాంబ తలుపు వేసి, దానికే ఆనుకుని నిలబడింది.

"పోయింది కదూ?" అన్నాడు పున్నారావు. సంచీ వదిలేసి మంచం మీద కూర్చున్నాడు. డోరిస్ మాటే లేదు ఇప్పుడు. గోడ మాట కూడా లేదు. "నిజం చెప్పు. నా గొంతు పోయింది కదూ? ఎప్పటినుంచో నాకు తెలుసు. ఆఫీసులో ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఒకసారి మెల్లగా చూసుకున్నా. పైకి పోలా. నీకు తెలియకుండా ఉంటే చాలనుకున్నా."

ఇదన్నమాట అసలు సంగతి. గోడ భయం ఎప్పుడో పాతబడిపోయింది. ఆవిడ మనసులో ఉన్న ఆ రాజుగారి గొంతును అలాగే ఉంచాలని ఈయన నోరు మూసుకున్నాడు. ఆవిడేమో అది వినాలని నన్ను కొనిపించింది. ఒకే మంచం మీద పడుకుంటూ ఇద్దరూ ఒకే గొంతు కోసం ఇన్నేళ్లు ఏడ్చారు, ఒకళ్ల సంగతి ఒకళ్లకు తెలియకుండా. మనుషులకు నోరెందుకిచ్చాడో దేవుడు!

కుసుమాంబ అబద్ధం చెప్పలేదు. అందుకు ఆవిడంటే నాకు ఇప్పటికీ గౌరవం.

"సగం పోయిందండీ" అంది. "ఆ సగం గోడకిచ్చేశారు. ఈ మిగిలిన సగం నాది. ఇదీ ఎవరికన్నా ఇచ్చారంటే నేను ఊరుకోను."

ఆయన లేచి ఆవిడ దగ్గరికి వచ్చాడు. కొంగుతో ఆవిడ ముఖం తుడిచాడు, అదే కొంగుతో తనదీ తుడుచుకున్నాడు. శ్రుతి బాగా దించుకుని, మొదటినుంచి మళ్లీ ఎత్తుకున్నాడు. పై మెట్టు దగ్గరికొచ్చేసరికి దాని జోలికి పోకుండా, కిందనే ఒక వంపు తిప్పి, నెమ్మదిగా దింపాడు. ముసలితనం వినపడింది అందులో. ఆ వంపు తెనాలిలో ఎవరూ విని ఉండరు. అది కుసుమాంబకూ నాకూ మాత్రమే దక్కింది. పక్క కిటికీలోంచి వినే డోరిస్‌ను లెక్కేసుకుంటే ఆవిడక్కూడా.

తర్వాత వేసవి వేసవికీ అక్కడికే వెళ్లాం. చలికాలాల్లో, ఇంటి ముందు నేను పట్టా కప్పుకుని ఉన్నప్పుడు, పాడాలనిపిస్తే ఆయన నా తలుపు తీసుకుని లోపలికి వచ్చేవాడు. వెనకే రెండు గ్లాసుల కాఫీతో ఆవిడ. కదలకుండా నిలబడి ఉండటం నాకు భారమనిపించని రోజులు అవే. ఒక ఏడు క్రిస్మస్ ముందు ఆయన ఆఫీసు నుంచి వస్తూ దారిలో పడిపోయాడు. ఆస్పత్రికి ప్రాణంతో చేరలేదు.

ఆ తర్వాత కుసుమాంబ నాలోకి వచ్చి కూర్చునేది. ఏమీ మాట్లాడేది కాదు. నన్ను తుడవడం కూడా మానేసింది. వేసవి దగ్గర పడుతుండగా ప్రీస్‌కు ఫోన్ చేసి, నన్ను తీసుకెళ్లమంది. ఆయన జీపు వేసుకుని వచ్చి, నా చుట్టూ తిరిగి చూసి, రేకు తట్టి చూశాడు.

"ఇంకా గట్టిగా ఉందే. ఎందుకు అమ్మేస్తున్నారు?"

"ఇందులో మరీ నిశ్శబ్దంగా ఉంటోంది, మిస్టర్ ప్రీస్" అంది కుసుమాంబ.

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ గట్టు మీదే ఉన్నాను. నాలో కోళ్లుంటున్నాయి. మంచం తీసేసి అవి ఎక్కి కూర్చునేందుకు దండేలు కట్టారు, పొయ్యి దగ్గర గడ్డి పరిచారు. కోళ్లు మంచివే, గోల చేస్తాయి, గుడ్లు పెడతాయి, వాటి గొడవేదో వాటిది. చక్రాలు తీసేశారు కాబట్టి ఎక్కడికో పోవాలన్న ఆశ కూడా లేదు. వాన పడుతున్నంతసేపూ నాకు ఏ బెంగా ఉండదు. ఆ చప్పుడులో ఏదీ వినపడదు గనక, లోపల ఆయన పాడుతూనే ఉన్నాడనుకుంటాను. వాన ఆగినప్పుడే నాకు కష్టం.